ధాన్యం లారీ ఎక్కినవాడికి నష్టపరిహారం

చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి ఏలూరు జిల్లా భీమడోలు మండలం మీదుగా పోతుంది. మండలంలోని గుండుగొలను దగ్గర కొవ్వూరు దారి చీలుతుంది. కొల్లేరు చేపల లోడ్లు, డెల్టా ధాన్యం లారీలు, ద్వారకా తిరుమల యాత్రికుల ఆటోలు, కోతలకు పోయే కూలీల ట్రాక్టర్లు అన్నీ ఇక్కడ కలుస్తాయి. ఇలాంటి రోడ్డు మీద ఒక మనిషి పోతే ఆ ఇంటికి డబ్బు ఎవరివ్వాలి? ఈ ప్రశ్నకు చట్టం నూట అరవై ఏళ్లకు పైగా జవాబు వెతుకుతూనే ఉంది.

మొదట ఉన్నది 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం. చనిపోయినవాడి భార్యాబిడ్డలో, తల్లిదండ్రులో సివిల్ కోర్టులో దావా వేసి, ఎదుటివాడి తప్పు రుజువు చేయాలి. గెలిచినా, బండి యజమాని దగ్గర డబ్బు లేకపోతే చేతిలో మిగిలేది డిక్రీ కాగితమే. 1939 మోటారు వాహనాల చట్టం థర్డ్ పార్టీ బీమాను తప్పనిసరి చేసింది. ఆ భాగం 1946 జులై 1 నుంచి అమలైంది. 1956 సవరణ ప్రత్యేక ట్రిబ్యునళ్లకు దారి తీసింది. మన దగ్గర జిల్లా జడ్జీలే ట్రిబ్యునల్ హోదాలో ఈ పరిహారం పిటిషన్లు వింటారు.

పరిహారం లెక్క తేల్చడంలో తెలుగునేల పాత్ర చిన్నది కాదు. 1947లో మద్రాసు ప్రావిన్సులో జరిగిన ఒక బస్సు ప్రమాదంపై సుప్రీంకోర్టు తీర్పు రాసింది రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు. కుటుంబం కోల్పోయిన ఆదరువు వేరు, మృతుడి ఆస్తికి కలిగిన నష్టం వేరు. రెండూ అడగవచ్చు గానీ ఒకే నష్టానికి రెండుసార్లు డబ్బు రాదని ఆ తీర్పు తేల్చింది. 1987లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు భగవాన్‌దాస్ కేసులో వయసును బట్టి, ఏడాది నష్టాన్ని హెచ్చవేసే గుణకాల పట్టిక ఇచ్చింది. 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు దేశమంతటికీ ఒకే పట్టిక ఖాయం చేసింది.

ఆ లెక్క ఇలా నడుస్తుంది. నెలకు పదివేలు సంపాదించే ముప్పై ఏళ్ల కూలీ భార్యను, ఇద్దరు పిల్లలను వదిలి పోయాడనుకుందాం. ఏడాదికి 1,20,000. పెరగబోయే రాబడి కింద 40 శాతం కలిపితే 1,68,000. అతని సొంత ఖర్చుకు మూడో వంతు తీసేస్తే 1,12,000. ఆ వయసుకు గుణకం 17. మొత్తం 19,04,000. అంత్యక్రియల ఖర్చు లాంటివి దీనికి అదనం.

తప్పు రుజువు చేయకుండానే కొంత ఇవ్వాలన్న నియమం 1982 అక్టోబరు 1న వచ్చింది: మరణానికి 15,000, శాశ్వత వైకల్యానికి 7,500. 2022 ఏప్రిల్ 1 నుంచి మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు.

ఇన్ని మార్పులొచ్చినా డెల్టా పల్లెలను వదలని చిక్కు ఒకటుంది. ధాన్యం లారీ ఎక్కినవాడు ఎవరు? 1994 సవరణ సరుకు యజమానికి, అతని తరఫున సరుకుతో వెళ్లేవాడికి బీమా రక్షణ ఇచ్చింది. దారిలో ఊరికే ఎక్కినవాడికి ఇవ్వలేదు. గూడ్సు బండిలో ఉచితంగా ఎక్కినవారికి బీమా కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు ఆశారాణి కేసులో తేల్చింది. అంటే ఒకే లారీ క్యాబిన్‌లో పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో బస్తాల రైతు కుటుంబం బీమా కంపెనీని అడగవచ్చు. రెండోవాడి కుటుంబం బండి యజమాని వెంట పడాలి. బస్సులు చాలని ఊళ్లలో కనిపించిన బండి ఎక్కడం పేదల ఎంపిక కాదు, అవసరం. ఆ అవసరానికి శిక్ష వేయడం అన్యాయం.

పరిహారం పిటిషన్ వేసే గడువు కథా ఇంతే. పాత చట్టాల్లో ఆరు నెలలుండేది. 1994లో దాన్ని ఎత్తేశారు. 2019 సవరణ మళ్లీ తెచ్చింది. 2022 ఏప్రిల్ 1న అది అమల్లోకి వచ్చింది. కాలు విరిగినవాడికి ఆ ఆరు నెలలూ ఆపరేషన్లకూ కట్లకూ సరిపోతాయి. ఈలోగానే ఎఫ్‌ఐఆర్, గాయాల సర్టిఫికెట్, బీమా పాలసీ కాపీ, ఆస్పత్రి బిల్లులు కూడగట్టి పిటిషన్ వేయాలి. లాయరు ఫీజు భరించలేని పేదలకు, మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ప్రమాదం జరిగిన వారాల్లోనే అక్కడ దరఖాస్తు పెట్టుకోవాలి.