తెరమీద శ్రీనాథుడు

బాపు గారి దర్శకత్వంలో 1993లో వచ్చిన 'శ్రీనాథ కవిసార్వభౌముడు' ఈమధ్య మళ్ళీ చూశాను. నందమూరి తారక రామారావు గారి చిత్రాలలో చివరగా విడుదలైనది అదే.

శ్రీనాథుని పద్యాన్ని నెత్తిన పెట్టుకొనేవారు కూడ మనిషిని మెచ్చరు. భోగలాలసుడు, అహంభావి, రాజాశ్రయం కోసం వెంపర్లాడినవాడు అంటారు. అంతకు యాభై ఏళ్ళ క్రిందటి వాహినీ వారి 'భక్త పోతన'లో ఆయన పోతన వైరాగ్యానికి ఎదురు నిలిచిన లౌకికుడు. వారు బావమరదులన్నది జనశ్రుతి మాత్రమే, చరిత్రలో ఆధారం లేదు.

ఆధారం ఉన్నది ఇది: కొండవీట పెదకోమటి వేమారెడ్డి కొలువులో ఆయన విద్యాధికారి. ఆ రాజ్యం కూలిన తరువాత రాజమహేంద్రవరం చేరాడు. అక్కడ భీమేశ్వర పురాణం బెండపూడి అన్నయమంత్రికి, కాశీఖండం వీరభద్రారెడ్డికి అంకితమయ్యాయి. అచ్చుయంత్రం లేని కాలంలో కృతిభర్తే కవికి జీతం, పింఛను. మనం లోభమన్నదానిలో సగం బ్రతుకుతెరువు. తక్కిన సగం లోభమే కావచ్చు, కాదని వాదించను.

తెరకెక్కిన కవి సాధువై ఉండాలని మనకొక పట్టింపు. మా విజయనగరానికి ఆ పట్టింపు తగదు. 1892లో ఇక్కడే తొలిసారి ఆడిన 'కన్యాశుల్కం'లో గిరీశాన్ని గురజాడ చివరికైనా సంస్కరించలేదు. 1955 నాటి చిత్రంలో ఆ గిరీశం కూడ రామారావు గారే! కల్పిత పాత్రను ఉన్నవాణ్ణి ఉన్నట్టే ఆదరించగలిగిన మనం, కాశీఖండం వ్రాసినవానికి ఆపాటి మర్యాద చేయలేమా?