మన టీడీసీలకు మ్యూజియంలో చోటు

సికింద్రాబాద్ నుంచి ఈ వైపు వచ్చే బస్సుల బోర్డుల మీద మన సంస్థ ఈసీఐఎల్ పేరే ఊరి పేరయింది. పక్క కాలనీకి ఎ.ఎస్. రావు గారి పేరు. ఈ రెండు పేర్లూ ఇక్కడి పిల్లలకు సైతం నోటికి వచ్చు. ఆ పేర్ల వెనక కంప్యూటర్లు తయారుచేసిన చరిత్ర ఉందని మాత్రం వాళ్లకు చెప్పేవాళ్లు తగ్గిపోతున్నారు.

పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టిన ఈ ఎ.ఎస్. రావు, అంటే అయ్యగారి సాంబశివరావు గారు, ట్రాంబేలో హోమీ భాభా నాయకత్వంలో ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని పెంచి పెద్దచేశారు. అణు పరిశోధనకు కావలసిన పరికరాలు మనమే చేసుకోవాలన్నది ఆయన పట్టుదల. అందులోంచే 1967 ఏప్రిల్ 11న హైదరాబాద్‌లో ఈసీఐఎల్ పుట్టింది. 1969లో టీడీసీ-12 కంప్యూటర్ వచ్చింది. ఆ పేరులోని ‘టీ’ ట్రాంబేదే. 1974లో టీడీసీ-312, 1975లో 16 బిట్ల టీడీసీ-316, 1978లో మైక్రోప్రాసెసర్‌తో మైక్రో-78 వచ్చాయి. 1980ల్లో అమెరికాలోని కంట్రోల్ డేటా సాంకేతికతతో ‘మేధా’ మెయిన్‌ఫ్రేముల దాకా వెళ్లాం.

టీడీసీ-12 జ్ఞాపకశక్తి సిలికాన్ చిప్పుల్లో ఉండేది కాదు. ఆవగింజలంత ఫెర్రైట్ ఉంగరాల్లోంచి సన్నని రాగి తీగలు దూర్చి వలలా అల్లేవారు. ఒక్కో ఉంగరం ఒక్కో బిట్. 12 బిట్ల ‘వర్డ్’లు 4,096 అంటే 49,152 ఉంగరాలు. ఈనాటి ఫోనులో ఒక్క ఫొటో దాచడానికైనా ఆ చోటు చాలదు. కానీ ఆ ఉంగరాలకు ఒక గొప్ప గుణం ఉంది. కరెంటు తీసేసినా వాటిలోని అయస్కాంతత్వం అలాగే నిలుస్తుంది. ఏళ్ల కిందట ఆపేసిన యంత్రంలో ఆఖరి ప్రోగ్రాం ఇప్పటికీ పదిలంగా ఉండవచ్చు.

అలాంటి యంత్రాలను దేశమంతటా ఆఫీసులూ ప్రయోగశాలలూ కండెమ్ చేసి తుక్కు కింద అమ్మేశాయి. సర్క్యూట్ బోర్డుల అంచులకు ఉన్న కాస్త బంగారు పూత కోసమే కొనేవాళ్లు ఉంటారు. అందుకే ఏ గోదాములోనైనా పాత ర్యాక్ కనిపిస్తే, వేలానికి పెట్టకముందే మ్యూజియానికి ఇచ్చే మాట ఎత్తాలి. ఒకసారి తుక్కు జాబితాకు ఎక్కాక వెనక్కి తేవడం కష్టం.

ఇవ్వడంలోనూ ఒక పద్ధతి ఉంది. ‘ఇంకా పనిచేస్తుందా’ అని ప్లగ్గు పెట్టి చూడకూడదు. ఏళ్లుగా ఎండిపోయిన కెపాసిటర్లు పేలితే బోర్డులూ పోతాయి. దుమ్ము దులిపి రంగు వేయాలన్న ఆత్రమూ వద్దు. తీగలు కోయకుండా, ఏ కేబుల్ ఎక్కడిదో చీటీలు కట్టి, ఫొటోలు తీసి విప్పాలి. సర్క్యూట్ డ్రాయింగులు, మాన్యువళ్లు, స్పేర్ కార్డులు, పేపర్ టేపులు, లాగ్‌బుక్కులు యంత్రంతోపాటే వెళ్లాలి. కాగితాలు లేని కంప్యూటర్ మ్యూజియంలో ఉత్త బీరువా.

కాగితాలతో పాటు మనుషులూ కావాలి. కాలిఫోర్నియా మౌంటెన్ వ్యూలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో 1959 నాటి మోడల్ ఐబీఎం 1401 యంత్రాలు రెండున్నాయి. ఒకటి జర్మనీ నుంచి, మరొకటి కనెక్టికట్ నుంచి వచ్చాయి. వాటికి మళ్లీ ప్రాణం పోసినవాళ్లలో ఎక్కువమంది ఐబీఎంలో రిటైరైన ఇంజనీర్లు. ఏళ్ల తరబడి జీతం లేకుండా ఒక్కో సర్క్యూట్ కార్డు పరీక్షించి బాగుచేశారు. ఇప్పుడు సందర్శకుల ముందు పంచ్ కార్డులు చదివించి, ప్రింటరు మీద అచ్చువేసి చూపిస్తున్నారు. ఆ చేతులు లేకపోతే ఆ యంత్రాలు మూగవే.

మన చేతులు ఇంకా ఉన్నాయి. టీడీసీలకు వైరింగ్ చేసినవాళ్లు, టెస్టింగ్‌లో రాత్రుళ్లు కూర్చున్నవాళ్లు, బయటి ఊళ్లకు వెళ్లి బిగించి వచ్చినవాళ్లు చాలామంది ఈ చుట్టుపక్కల కాలనీల్లోనే ఉన్నారు. వాళ్లందరికీ ఒక మనవి. మీ ఇంటి అటక మీద పాత మాన్యువల్, ఒక కార్డు, ఒక గ్రూప్ ఫొటో ఉంటే దించండి. ఫొటో వెనక అందులోని వాళ్ల పేర్లు రాయండి. ఉంగరాలు దాచుకోని సంగతి అదొక్కటే.