ఫ్యాన్ చప్పుడు, కరెంటు బిల్లు

బిట్‌కాయిన్ మొదటి బ్లాకు 2009 జనవరి 3న తయారైంది. అప్పట్లో మైనింగ్‌కి, అంటే కొత్త బ్లాకు కోసం లెక్క తేల్చడానికి, ఇంట్లో ఉన్న మామూలు కంప్యూటరు సరిపోయేది. ఆ లెక్క అందరికన్నా ముందు తేల్చినవాడికి 50 నాణేలు. వాటికి ధరే లేదు కాబట్టి అదంతా ఉబుసుపోక వ్యవహారం. అమెరికా ప్రోగ్రామర్ హాల్ ఫిన్నీ తొలిరోజుల్లోనే దిగి కొన్ని బ్లాకులు సంపాదించాడు, అంతలోనే ఆపేశాడు. కంప్యూటరు వేడెక్కుతోందట, ఫ్యాన్ చప్పుడు భరించలేకపోయాడట!

ఇంటి మైనింగ్‌ని చివరికి దెబ్బతీసినవాటిలో ఆ వేడీ ఒకటి.

2010లో గ్రాఫిక్స్ కార్డులు మైనింగ్‌లోకి వచ్చి ప్రాసెసర్లను పక్కకు నెట్టాయి. 2013లో ఆ ఒక్క పనికే చేసిన ఏసిక్ యంత్రాలు వచ్చి కార్డులనూ నెట్టేశాయి. కార్డులున్నవాళ్లు ఈథీరియం అనే మరో క్రిప్టో వైపు మళ్లారు. 2022 సెప్టెంబరులో అది మైనింగ్‌నే వదిలేయడంతో ఆ దారీ మూసుకుపోయింది.

ఇక మన వాతావరణం సంగతి. రామప్ప గుడి ఉన్న పాలంపేటలో ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది. 2016లో వచ్చిన ఆంట్‌మైనర్ ఎస్9 అనే ఏసిక్ యంత్రం సుమారు 1,300 వాట్లు లాగి, దాదాపు అంతా వేడిగా గదిలోకే వదులుతుంది. చలిదేశాల్లో ఆ వేడితో ఇల్లు వెచ్చబెట్టుకున్నవాళ్లున్నారు. ఇక్కడ మాత్రం దాని పక్కన కూలర్ పెట్టాలి. రాత్రింబవళ్లు నడిస్తే ఆ యంత్రం ఒక్కటే నెలకు 900 యూనిట్లు దాటిస్తుంది, అంటే బిల్లు పై శ్లాబులోకి ఎక్కినట్టే.

చట్టమూ కలిసిరాలేదు. 2018లో రిజర్వు బ్యాంకు క్రిప్టో లావాదేవీలకు బ్యాంకు సేవలు ఆపించింది. 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. 2022 నుంచి లాభంపై 30 శాతం పన్ను. మైనింగ్ యంత్రాలకయ్యే ఖర్చును అందులోంచి తీసివేయనివ్వరు. ఒంటరి మైనర్‌కి ఇంతకన్నా గట్టి దెబ్బ ఏముంటుంది?

అయినా ఆశ చావలేదు. 2022 జనవరిలో సెకనుకు 126 టెరాహాష్‌ల లెక్కింపు బలమున్న ఒంటరి మైనర్‌కి ఒక బ్లాకు తగిలింది, 6.25 నాణేలు దక్కాయి. ఒక్కో బ్లాకుకూ అతనికున్న అవకాశం పది లక్షల్లో ఒక వంతు కూడా కాదు. లాటరీ అన్నమాట!

ఇప్పుడు బిట్‌యాక్స్ అనే చిన్న యంత్రాన్ని ఇలాగే సరదాకి నడుపుతున్నారు. 15 వాట్ల లెక్కన నెలకు 11 యూనిట్లు. 2024లో తెలంగాణలో మొదలైన గృహజ్యోతి పథకం కింద అర్హులకు ఉచితంగా ఇచ్చే 200 యూనిట్లలో అది హాయిగా ఇమిడిపోతుంది.