బూడిదలో పోసిన పన్నీరేనా?

"బూడిదలో పోసిన పన్నీరు" తరగతిలో నేనెన్నోమార్లు వివరించిన జాతీయం. మిత్రులారా, చరిత్ర మాత్రం బూడిదకు వేరొక స్థానమిచ్చింది.

మా రాయవరం ప్రాంతపు బంకనేల వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది. దానిపై కట్టిన గోడలూ పగుళ్ళిస్తాయి. రెండువేల యేండ్ల క్రితమే రోమనులు పొజ్జువోలి ప్రాంతపు అగ్నిపర్వత బూడిదను సున్నంతో కలిపి, నీటిలో సైతం గట్టిపడే గచ్చు చేశారు. మన పూర్వులు గానుగ సున్నంలో ఇటుకపొడి కలిపి ఆ ఫలితమే సాధించారు. సూత్రమొక్కటే: వాటిలోని సిలికా, అల్యూమినా తడిలో సున్నంతో కలిసి బంధకమవుతాయి.

బొగ్గుబూడిదదీ అదే గుణం. 1979లో ఇబ్రహీంపట్నంలోను, 2002లో పరవాడ వద్ద సింహాద్రిలోను విద్యుత్కేంద్రాలు మొదలై, బూడిద గుట్టలుపడింది. దాని వినియోగాన్ని నిర్దేశిస్తూ కేంద్రప్రభుత్వం 1999లో ప్రకటన వెలువరించింది. 2021 ప్రకటన నూరుశాతం వినియోగాన్ని విధించింది. మన బూడిదలో సహజంగా సున్నం తక్కువ. కనుక బంకనేలకు బూడిదతోపాటు సున్నమూ కలిపితేనే ఉబ్బు బాగా తగ్గి, బలం చేకూరుతుంది.

అయితే బూడిదలో ఆర్సెనిక్ వంటి విషపదార్థాలూ స్వల్పంగా ఉంటాయి. కొద్దిలోతులోనే నీరుపడే కోనసీమలో, బాటలు గట్టిపడ్డాయని సంతోషించేముందు పక్క బావినీటిని పరీక్షించడం ధర్మమని నా అభిప్రాయం.

మీ యూళ్ళ పాతగోడల్లో ఇటుకపొడి గచ్చు నేటికీ నిలిచియుంటే తెలియజేయగలరు.