గేహజీ దండము, ఎలీషా చేతులు



షూనేమీయురాలి కుమారుడు చనిపోయినప్పుడు ఎలీషా మొదట తన దండాన్ని గేహజీకిచ్చి పంపాడు. గేహజీ దాన్ని బిడ్డ ముఖం మీద పెట్టాడు, ఏమీ కాలేదు. తరువాత ప్రవక్త తానే వచ్చి, తలుపు వేసి, ప్రార్థన చేసి, ఆ చిన్నవాడి మీద వాలి నోటికి నోరు ఆనించాడు (2 రాజులు 4). అది దేవుని అద్భుతం, వైద్యం కాదు. అయినా ప్రార్థించిన మనిషే తన దేహాన్నీ ఆనించాడన్న సంగతి దగ్గర మా మనసు ఆగిపోతుంది.

1767లో ఆమ్‌స్టర్‌డామ్ పట్టణస్థులు నీళ్లలో మునిగినవారిని బ్రతికించడానికి ఒక సమాజం పెట్టుకున్నారు. నోటితో ఊపిరి ఊదడం వారి పద్ధతుల్లో ఒకటి. (పొగాకు పొగ పట్టించడం కూడా ఉండేది లెండి.) గుండె ఆగితే మాత్రం చాలాకాలం పాటు వైద్యులు ఛాతీ కోసి, గుండెను చేత్తో పిండేవారు. ఛాతీ పైనుంచి నొక్కినా రక్తం పారుతుందని 1960లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ నుంచి కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బోకర్ ప్రకటించారు. కౌవెన్‌హోవెన్ డాక్టరు కాదు, డెబ్బై దాటిన ఎలక్ట్రికల్ ఇంజనీరు. ఇక కత్తి అక్కరలేదు, రెండు చేతులు చాలు.

అయితే ఎవరి చేతులు? 1966లో అమెరికా జాతీయ పరిశోధన మండలి సమావేశం వైద్య సిబ్బందికి నేర్పమంది గాని, సామాన్య ప్రజల దాకా రాలేదు. తెలియనివారు మేలుకన్నా కీడే చేస్తారేమోనని భయం.

సియాటిల్ నగరంలో ఫైర్ చీఫ్ గోర్డన్ వికరీ, డాక్టర్ లియొనార్డ్ కాబ్ ఇంకోలా ఆలోచించారు. 1970లోనే వారు అగ్నిమాపక సిబ్బందికి గుండె చికిత్స నేర్పి బండిలో పంపడం మొదలుపెట్టారు. కానీ బండి ఎంత వేగంగా పోయినా నిమిషాలు పడతాయి. గుండె ఆగిన మనిషికి ఎవరూ నొక్కకపోతే ప్రతి నిమిషానికీ బ్రతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. ఆ నిమిషాల్లో పక్కన ఉండేది భార్యో, పొరుగువాడో, దుకాణం అబ్బాయో. అందుకని 1972లో నగర ప్రజలకే నేర్పారు. మొదటి రెండేళ్లలో లక్షమందికి పైగా నేర్చుకున్నారు. 1974లో వచ్చిన జాతీయ ప్రమాణాలు కూడా ప్రజలకు నేర్పమన్నాయి.

మన సంఘ పెద్ద ఒకాయన ఆరాధన మధ్యలో కూలిపోయిన రోజు మీకు గుర్తుంది. నీళ్లు చల్లాం, విసనకర్రతో విసిరాం, 108కి ఫోన్ చేశాం, మోకరించి ప్రార్థించాం. ఆయన ఛాతీ మీద చెయ్యి వేసినవారు ఒక్కరూ లేరు. మాకే తెలియదు. ఆ కుటుంబం మమ్మల్ని ఒక్కమాట అనలేదు గాని, ఆ ఇంటికి వెళ్లిన ప్రతిసారీ మాకు మాట పెగలదు.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక, నర్సుగా పనిచేస్తున్న మన సహోదరి బొమ్మ మీద చేసి చూపిస్తారు. ఛాతీ మధ్య ఎముక మీద, రెండు అంగుళాల లోతున, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. నోటితో ఊపిరి ఇవ్వడానికి జంకేవారు నొక్కడమైనా ఆపకుండా చేయాలి. భోజనాలు ఆ తరువాతే. బొమ్మ దగ్గర మొదట మేము కూర్చుంటాము.