ఊయల ఖర్చు ఎవరు భరించాలి?

స్త్రీలు ఉద్యోగాలలోకి రాకపోవడానికి సంప్రదాయమే కారణమని చెప్పి ఊరుకోవడం మన విద్యావంతులకు అలవాటు. గుమ్మఘట్ట మెట్టపొలాలు ఆ మాటను ఒప్పుకోవు. సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ అనంతపురం సీమలో వేరుశనగ కలుపు తీసేదీ, కాయలు తెంపేదీ ఎక్కువగా స్త్రీలే. చేను గట్టున చెట్టుకొమ్మకు కట్టిన చీర ఊయలను నేను ఎన్నోసార్లు చూశాను. దాన్ని ఊపుతూ కూర్చున్నది బడి ఈడు పిల్ల. అంటే ఊయల ఖర్చును ఆ పిల్ల చదువు భరిస్తున్నదన్నమాట. ఆ ఖర్చు న్యాయంగా ఎవరిది? చరిత్ర ఇచ్చిన సమాధానాలను పరిశీలించడమే నా ఉద్దేశం.

ధాత కరువునాటికి, అంటే 1876–78లో, ఈ ప్రాంతం బళ్లారి జిల్లాలోనిది. కరువు పనులలో ఆడవాళ్లూ మట్టితట్టలు మోశారు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ మగవాడి దినకూలిని ఒక పౌను ధాన్యానికీ, ఒక అణాకూ తగ్గించాడు. స్త్రీకి అంతకంటే తక్కువ. పిలుపు సమానం, కూలి అసమానం.

మిల్లులలో ప్రశ్న మరో రూపం దాల్చింది. ప్రసూతి భృతిని ప్రభుత్వ నిధులనుంచి గాని, బీమా ద్వారా గాని ఇవ్వాలని 1919లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడిక చెప్పింది. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి బిల్లును సమర్థిస్తూ డాక్టర్ అంబేద్కర్, ఈ భారంలో అధికభాగం ప్రభుత్వానిదేననీ, లాభం పొందే యజమాని కూడా తన వంతు ఇవ్వవలసిందేననీ వాదించారు. అయితే 1929 బొంబాయి చట్టం భారాన్ని యజమానిపైనే ఉంచింది. ఫలితం ఊహించరానిది కాదు. గర్భచిహ్నాలు కనబడగానే పనినుంచి తీసివేయడం, పెళ్లికానివారినీ వితంతువులనూ ఏరి పెట్టుకోవడం యజమానుల ఉపాయాలైనాయి.

అలాగని తప్పంతా సంరక్షణ చట్టాలదే అనడం యజమానుల వాదం. మిల్లుల్లో యంత్రాలు పెరిగినకొద్దీ ముందు ఊడినవి స్త్రీల పనులే. భూగర్భ గనుల చరిత్ర ఇంకా స్పష్టం. 1929 నిబంధనలతో స్త్రీలను క్రమంగా పైకి పంపారు. 1943లో యుద్ధానికి బొగ్గు కావలసిరాగా నిషేధం సడలింది, 1946లో మళ్లీ వచ్చింది. “రక్షణ” ఎవరి అవసరాన్నిబట్టి నడిచిందో పాఠకులే గ్రహించగలరు.

1948 ఉద్యోగుల రాజ్యబీమా చట్టం కొంత మేలైన దారి చూపింది. అక్కడ భృతి ఉమ్మడి నిధినుంచి వస్తుంది. కాని దాని పరిధికి అవతల 1961 ప్రసూతి చట్టం మళ్లీ ఒక్కొక్క యజమానినే బాధ్యుణ్ణి చేసింది. 2017 సవరణ సెలవును 12 వారాలనుంచి 26కు పెంచింది, 50 మంది పనిచేసేచోట శిశుశాల ఉండాలన్నది. సెలవు కాలపు వేతనం మాత్రం యజమానిపైనే మిగిలింది. ఇక రాయదుర్గంలో ఇళ్లలో, చిన్న షెడ్లలో జీన్సు కుట్టే స్త్రీకి ఆ శిశుశాల అందనే అందదు.

2006 ఫిబ్రవరి 2న ఇదే జిల్లాలోని బండ్లపల్లిలో ఉపాధిహామీ పథకం ప్రారంభమైంది. స్త్రీపురుషులకు ఒకే కూలి, ఊరికి 5 కిలోమీటర్లలోపు పని. ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురుంటే వారిని చూసేందుకు ఒక స్త్రీని నియమించి ఆమెకూ కూలి ఇవ్వాలన్న నిబంధన. ఖర్చు ప్రజాధనం. స్త్రీలకు మూడోవంతు పని ఇస్తే చాలునని చట్టం అంటే, దేశం మొత్తంమీద సగానికి మించి వారే వచ్చారు. కాని పిల్లలను చూసే మనిషి చాలాచోట్ల కాగితం దాటి రాలేదు. ఆ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు మరొకదాన్ని ఆమోదించింది. ఊయల ప్రశ్న అలాగే ఉంది.

బిడ్డను పెంచడం సామాజికమైన పని. దాని ఖర్చు తల్లి మీద పడితే ఆమె ఇంట్లో మిగులుతుంది. ఒక్క యజమాని మీద పడితే గేటు బయట మిగులుతుంది. కనుక సెలవు దినాల సంఖ్యను పెంచమని అడిగి మన సంఘాలు తృప్తిపడరాదు. ఉమ్మడి నిధినుంచి భృతి, ప్రతి పనిచోటా ప్రభుత్వ శిశుశాల, తండ్రికీ సెలవు కావాలి. చెట్టుకింద కూర్చున్న ఆ పిల్ల బడికి వెళ్లేది అప్పుడే.