గోదారి గట్టున పుదుచ్చేరి చిరునామా

కవరు మీద ‘యానాం, పుదుచ్చేరి’ అని రాసి పక్కన 533464 వేస్తే కొత్తవాళ్ళకు అనుమానం వస్తుంది. పుదుచ్చేరి పిన్ 605001 కదా, ఇదేమిటి, కాకినాడ వైపు అంకెలు పడ్డాయే అని. ఏమీ పొరపాటు లేదు. పుదుచ్చేరీ నిజమే, 533 కూడా నిజమే.

గౌతమి ఒడ్డునున్న ఈ ఊళ్ళో ఫ్రెంచివారు 1723లో తొలిసారి మకాం పెట్టారు. చుట్టూ తెలుగు పల్లెలు, నడుమ ఫ్రెంచి జెండా. ఫ్రెంచి ఇండియాకు 1892 నుంచి సొంత తపాలా బిళ్ళలే ఉండేవి. దడాల రఫేల్ రమణయ్య ముందు నిలిచిన విమోచన పోరాటంతో 1954 జూన్ 13న ఆ జెండా దిగింది. చట్టప్రకారం అప్పగింత 1962 ఆగస్టు 16న జరిగింది. ఊరు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో చేరింది. యానాం ఎమ్మెల్యే నేటికీ పుదుచ్చేరి శాసనసభకే వెళతారు. బండి నంబరు పీవై 04.

అప్పగింతకు పదేళ్ళు నిండబోతుండగా, 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ వచ్చింది. దాన్ని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ సంస్కృత కవి కూడా. ఒకే పేరుతో పదేసి ఊళ్ళు, రకరకాల లిపులు, అర్థంకాని చేతిరాతలు. వీటి మధ్య నలిగిపోతున్న సార్టింగ్ ఉద్యోగికి ఆరంకెలు చేతికిచ్చాడాయన. మొదటి మూడూ సంచి ఏ సార్టింగ్ జిల్లాకు పోవాలో చెబుతాయి, చివరి మూడూ ఏ పోస్టాఫీసుకో చెబుతాయి.

ఇక్కడ ఏలుబడి ఎవరిదన్నది లెక్కకు రాలేదు. సంచి ఏ దారిన వస్తుందన్నదే చూశారు. పుదుచ్చేరి 800 కిలోమీటర్లకు పైమాటే. కాకినాడ పక్కనే ఉంది. అందుకే పొరుగున తాళ్ళరేవుకు 533463, యానాంకు 533464. పుదుచ్చేరికే చెందిన మాహేకూ ఇదే న్యాయం: 673310, కేరళ అంకెలు. పటం గీసినవాళ్ళకన్నా ఉత్తరాలు మోసేవాళ్ళకే నేల బాగా తెలుసని నా నమ్మకం.

యానాం పోస్టాఫీసు నేటికీ ఆంధ్రప్రదేశ్ తపాలా సర్కిల్ కిందే ఉంది.

2022లో యానాం చుట్టూ ఉన్న తూర్పు గోదావరి జిల్లాను విడగొట్టారు. కాకినాడ ఒక జిల్లాకు, అమలాపురం మరో జిల్లాకు కేంద్రాలయ్యాయి. పాత పేరు రాజమహేంద్రవరం వైపే మిగిలింది. మూడు ఊళ్ళ పిన్‌కోడూ ఇప్పటికీ 533తోనే మొదలవుతుంది, యానాంది కూడా.